తెలివైన ప్రతినాయకుణ్ణి ఓడించేదెలా? – కథకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శీర్షికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఉంటున్న మన పాఠకుల నుంచి వచ్చినవే. గుణుపురం నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబు రాస్తుండగా మిగిలినవాటిలోని సందేహాలు కూడా దాని చుట్టూనే తిరుగుతున్నాయని తోచి, వాటిని పక్కపక్కనే వేస్తున్నాను. మొదటి జవాబు పొడవైనందుకు మన్నించాలి.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక పాఠకురాలు): అయ్యా, పిల్లలు బడికి వెళ్లాక రోజుకు రెండు పేజీల చొప్పున ఒక నవల రాస్తున్నాను. మొదటి మూడు అధ్యాయాలు దీనితో పంపుతున్నాను. ఇందులో ప్రతినాయకుడు సంతలో సవర పల్లెలవారి దగ్గర జీడిపిక్కలు కుంచాలతో కొలిచి కొనే షావుకారు. తెలుగు, ఒడియా, సవర మూడూ ధారాళంగా మాట్లాడతాడు. గిరిజనుల భూములు ఇతరుల చేతికి పోకుండా ఒడిశాలో చేసిన 1956 నాటి నిబంధన, ఆంధ్ర వైపు 1/70 చట్టం వకీళ్ల కంటే అతనికే బాగా తెలుసు. అందుకే అప్పు కింద లాక్కున్న పొలాల్లో ఒక్క సెంటు కూడా తన పేరున ఉండదు, అన్నీ బినామీలే. కథానాయకుడు అతని గోదాములో బస్తాలు మోసే కళాసీ, పదో తరగతితో చదువు ఆగిపోయిన కుర్రవాడు. చివరి అధ్యాయంలో ఆ కుర్రవాడు గదిలో ఫోను దాచి, షావుకారు తన నేరాలన్నీ వరసగా చెప్పుకుంటుంటే రికార్డు చేసినట్టు రాశాను. అది చదివిన మా ఆడపడుచు, ‘అంత గడుసువాడు ఒక్కసారిగా ఇంత అమాయకుడెలా అయిపోయాడు వదినా?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

జవాబు: అమ్మా, మీ ఆడపడుచుగారు అడిగినది సంపాదకులు అడగవలసిన ప్రశ్న. నవల పొడుగునా ఎవరినీ నమ్మకుండా, చీటీ ముక్క మీద కూడా సంతకం పెట్టకుండా నెగ్గుకొచ్చిన మనిషి ఆఖరి అధ్యాయంలో తన పాపాల చిట్టా తానే పైకి చదివాడంటే, అతణ్ణి ఓడించినది కళాసీ కాదు, మీరు. అతని తెలివిని మీరు లాగేసుకుంటే కుర్రవాడు పక్కన నిలబడి చూశాడు, అంతే. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఇరవై ఏళ్ల కిందట నేను ఒక పత్రికకు పంపిన అపరాధ పరిశోధన నవలలో, విషాలతో ఆడుకునే మహా మేధావి అయిన వైద్యుడు చివరికి సీసా మీద తన చేతిరాతతో చీటీ అంటించి మరచిపోయినందువల్ల పట్టుబడతాడు. ప్రతి తిరిగి వచ్చింది. ఆఖరి పేజీ అంచున ఎర్రసిరాతో ఒకే ఒక్క మాట ఉంది: ‘ఎందుకు?’

మీ షావుకారు తెలివి చివరి పేజీ దాకా చెక్కుచెదరకూడదు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, అతను ఆ తెలివి వల్లే ఓడిపోవాలి.

పులి-మేక ఆట మీరు ఆడే ఉంటారు, కనీసం గుడి అరుగు మీద సుద్దతో గీసిన గడులైనా చూసి ఉంటారు. 3 పులులు, 15 మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని చంపగలదు, మేక మాత్రం పులిని ఏమీ చేయలేదు. అయినా ఆట తెలిసినవాడు మేకలతో గెలుస్తాడు. దూకడానికి వెనుక చోటు లేని అంచుల్లో మొదటి మేకలను దించి, ఆ తరువాత ఒక్కొక్క దారీ మూసుకుంటూ వచ్చి, చివరికి మూడు పులులూ బతికి ఉండగానే వాటికి కదిలే చోటు లేకుండా చేస్తాడు. నా ఉద్దేశంలో తెలివైన ప్రతినాయకుడి కథలు చాలావరకు చెడిపోయేది మేక చేత పులిని చంపించబోవడం వల్లనే. మీ కళాసీ షావుకారు కంటే తెలివైనవాడు కానక్కరలేదు. ఆ షావుకారు ఏయే గడుల మీద ఆధారపడి కదులుతున్నాడో తెలిస్తే చాలు. బినామీలు, వేలిముద్రల కాగితాలు, పలాసలో సరుకు కొనే వ్యాపారులు, చిట్టా రాసే గుమాస్తా – ఇవీ అతని గడులు.

వీటిలో ఏది మూయాలో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ప్రతినాయకుడు దేనిని తన దృష్టికి తగనిదిగా భావిస్తాడో వెతకాలి. రావణుడు బ్రహ్మను వరం కోరినప్పుడు దేవ దానవ యక్షుల పేర్లు చెప్పి మనుషులను వదిలేసినది మరచిపోయి కాదు, వాళ్లు తన కంటికి గడ్డిపోచలు కాబట్టి. ఇటువంటి చిన్నచూపు మతిమరుపు కంటే వెయ్యి రెట్లు నమ్మదగిన లోపం, ఎందుకంటే తెలివి పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. ఇక రెండోది, ఎంత మేధావి అయినా తన పని కొంత ఇతరుల చేత చేయించుకోవలసిందే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన ఎనిగ్మా యంత్రం సంగతి చూడండి. అది గూఢలిపిలోకి మార్చినప్పుడు ఏ అక్షరమూ మళ్లీ అదే అక్షరంగా రాదు. చూడడానికి ఇది బలంలా కనిపిస్తుంది గానీ నిజానికి లోపం. దానికి తోడు, యంత్రం ముందు కూర్చున్న సిబ్బంది రోజూ వాతావరణ నివేదికను ఇంచుమించు ఒకే మాటలతో పంపేవారు. పోలండు గణితజ్ఞులు వేసిన దారిలో సాగిన బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కు నిపుణులు, సందేశంలో ఫలానా మాట ఉండి తీరుతుందని ఊహించి, ఆ మాటను గూఢలిపి వరస కింద పెట్టి ఒక్కొక్క అక్షరం చొప్పున పక్కకు జరుపుతూ పోయేవారు. ఏ చోటనైనా పైనా కిందా ఒకే అక్షరం ఎదురైతే ఆ చోటు కాదని కొట్టివేసేవారు. యంత్రం ఎంత జటిలమైనదైనా, అలవాటు పడిన ఉద్యోగి చెయ్యి వాళ్లకు తలుపు తెరిచింది.

మీ నవలలో ఆ చెయ్యి గుమాస్తాది. అతణ్ణి మీరు రెండో అధ్యాయంలో ఒక పేరాతో సరిపెట్టేశారు. నేనైతే అక్కడే తవ్వేవాణ్ణి. సవర భాషలో లెక్క మన లెక్కలాంటిది కాదు. పన్నెండు దాటాక ‘పన్నెండు-ఒకటి’, ‘పన్నెండు-రెండు’ అంటూ పందొమ్మిది వరకు వెళ్లి, అక్కడి నుంచి ఇరవైల మీద లెక్క నడుస్తుంది. 33 అనడానికి ‘ఇరవై-పన్నెండు-ఒకటి’ అన్నట్టు చెబుతారు. (సవరకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు మీకు పొరుగున పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారే అన్నది మీకు తెలియనిది కాదు.) ఇప్పుడు సంతలో ఆ బల్ల దగ్గరికి రండి. ఒక ముసలమ్మ బుట్ట దించి తన లెక్క చెబుతుంది. సవర అంతంతమాత్రం వచ్చిన గుమాస్తా ‘ఇరవై’, ‘పన్నెండు’ అన్న రెండు పెద్ద మాటలు వినగానే కలం కదిపి 32 అని రాసేసి, తరువాతి బుట్ట వైపు చూస్తాడు. చివరి ‘ఒకటి’ గాలిలో కలిసిపోతుంది. ముసలమ్మకు ఒక కుంచం డబ్బు తక్కువ వస్తుంది. ఆమె గొణుగుతుంది, ఎవరూ వినరు.

ఇది షావుకారు చేసిన మోసం కాదు. అతని మోసం తరుగు పేరుతో జరుగుతుంది, దానికి వేరే లెక్క ఉంది, అది పైసాతో సహా అతని తలలో ఉంటుంది. ఈ ‘ఒకటి’ సంగతి మాత్రం అతనికి తెలియదు, ఎందుకంటే సవర భాషను బేరం కోసం నేర్చుకున్నాడే తప్ప, ఆ ఆడవాళ్లు చిట్టాకు ఎక్కే ముందు తమ సరుకును తాము ఎలా లెక్కపెట్టుకుంటారో తెలుసుకోవలసిన అవసరం ఉందని అతను ఎన్నడూ అనుకోలేదు. తెలిసినవాడు మీ కళాసీ. అతని తల్లి సంతలో ఎండుచేపలు అమ్మేదని మూడో అధ్యాయంలో మీరే రాశారు. ఆ గంపల మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ లెక్క రాకపోతేనే వింత.

చిట్టాలో లేని ఆ కుంచాలు గోదాములోకి మాత్రం వస్తూనే ఉంటాయి. ఏడాది తిరిగేసరికి మూడు బస్తాలు అవుతాయి అనుకుందాం. ఇన్నాళ్లూ బస్తాలు ఇష్టం వచ్చినట్టు పేర్చడం వల్ల అవి కనబడలేదు. ఒకరోజు పలాస లారీ వచ్చే ముందు కళాసీ బస్తాలన్నీ పదేసి చొప్పున వరస కట్టి, మిగిలిన మూడింటినీ గుమ్మం దగ్గర విడిగా నిలబెడతాడు. ఎవరితోనూ ఒక్క మాట అనడు, ఒక్క అబద్ధం ఆడడు. షావుకారు వస్తాడు, చూస్తాడు, వేళ్ల మీద లెక్క వేస్తాడు, చిట్టా తెప్పిస్తాడు. పుస్తకంలో లేని సరుకు తన గోదాములో ఉంది. తెలివైనవాడు కాబట్టి వెంటనే కారణం కనిపెట్టేస్తాడు: గుమాస్తా తన కప్పు కింద సొంత వ్యాపారం నడుపుతున్నాడు! తెలివితక్కువవాడైతే ‘పోనీలే, మూడు బస్తాలు లాభం’ అనుకునేవాడు. ఇరవై ఏళ్లు చాకిరీ చేసిన గుమాస్తాను ఆ సాయంత్రమే బయటికి గెంటేస్తాడు. ఏ పొలం ఎవరి పేరున ఉందో తెలిసిన రెండో మనిషి లోకంలో ఆ గుమాస్తా ఒక్కడే. పులి ఎటు కదలాలన్నా ఇక అతని మీదుగానే కదలాలి.

ఇదే రాయమని కాదు, మీ నవల మీది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ముసలమ్మ లెక్క మొదటి అధ్యాయాల్లోనే, నవ్వుకోదగిన చిన్న ముచ్చటలా రావాలి. గుమాస్తా కలం తొందర మరోచోట, వేరే సందర్భంలో రావాలి. గుమ్మం దగ్గర మూడు బస్తాలు కనిపించేసరికి పాఠకుడికి అన్నీ ముందే తెలిసి ఉండి కూడా తట్టకపోవాలి.

ప్రశ్న (జయపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): నాకంటే తెలివైన పాత్రను నేనెలా సృష్టించగలను సార్? నా బుర్రకు తట్టనిది వాడి బుర్రకు ఎలా తడుతుంది?

జవాబు: మీ దగ్గర ఉన్నదీ, మీ పాత్ర దగ్గర లేనిదీ ఒకటుంది – సమయం. అతను పోలీసుల ముందు రెండు క్షణాల్లో చెప్పే జవాబు కోసం మీరు రెండు నెలలు మథనపడవచ్చు, నిఘంటువు తిరగేయవచ్చు, లెక్కల మాస్టారును అడగవచ్చు, మాట నచ్చకపోతే కొట్టేయవచ్చు. పైగా కథ చివరి నుంచి వెనక్కి రాసుకునే వీలు మీకు ఉంది, అతను మాత్రం ముందుకే బతకాలి. నేను చేసే పని మరొకటి చెబుతాను. అధ్యాయం అయ్యాక తర్కంలో గట్టిదైన స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, ‘నువ్వే ఆ దొంగవు, నాయకుడు ఇలా చేశాడు, ఇప్పుడు నువ్వేం చేస్తావు?’ అని అడుగుతాను. అతను అయిదు నిమిషాల్లో నా ఉచ్చులోంచి బయటపడితే ఆ అధ్యాయం చించేస్తాను. ‘అతడు మహా మేధావి’ అని పాత్రల చేత పదే పదే అనిపించడం మాత్రం మానండి. గదిలోకి రాగానే ఏ కుర్చీలో కూర్చున్నాడు, ఎవరి చెప్పులు గుమ్మం దగ్గర లేవని గమనించాడు – అది చూపిస్తే పాఠకుడికి చాలు.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక పాఠకుడు): మేధావి అయిన ప్రతినాయకుడు నాయకుడు పన్నిన ఉచ్చును ముందే పసిగట్టడా? పసిగట్టకపోతే మేధావి ఎలా అవుతాడు?

జవాబు: పసిగడతాడు. అందుకే అతని చేతికి ఏదీ అందించకూడదు, అతణ్ణే వెతుక్కోనివ్వాలి. ఎదుటివాడు చెప్పినదాన్ని తెలివైనవాడు అనుమానిస్తాడు, తాను కష్టపడి కనిపెట్టినదాన్ని మాత్రం అనుమానించడం అతనికి చేతకాదు. 1943 ఏప్రిల్‌లో బ్రిటిష్ గూఢచారి శాఖ ఒక శవానికి సైనికాధికారి దుస్తులు వేసి, దాడి జరగబోయేది గ్రీసు, సార్డీనియాల మీద అన్న భావం కలిగించే ఉత్తరాలను పెట్టెలో పెట్టి ఆ శవానికి గొలుసుతో తగిలించి, స్పెయిన్‌లో హుయెల్వా తీరానికి కొట్టుకుపోయేలా వదిలింది. యుద్ధంలో తటస్థంగా ఉన్నామన్న స్పెయిన్ అధికారుల చేతుల్లో పడిన ఆ ఉత్తరాల నకళ్ల కోసం జర్మన్ గూఢచారులు నానా తంటాలు పడవలసి వచ్చింది. ఆ తంటాలే వాళ్లను నమ్మించాయి. జూలైలో మిత్రపక్షాల సేనలు దిగినది సిసిలీలో.

తెనాలి రామకృష్ణుడి తిలకాష్ఠమహిషబంధనం కథలో ఉన్నదీ దీనికి దగ్గరి కిటుకే. సకల శాస్త్రాలూ చదివానని రాయలవారి సభలో సవాలు విసిరిన పండితుడు, పట్టుబట్ట చుట్టిన ఆ ‘గ్రంథం’ పేరు వినగానే రాత్రికి రాత్రి ఊరు విడిచాడు. ఉన్నవి నువ్వుల కట్టెలు, వాటికి కట్టిన గేదె తాడు. ‘ఆ గ్రంథం నేను చదవలేదు, ఒకసారి విప్పి చూపించండి’ అని అడిగి ఉంటే రామకృష్ణుడి పని అయిపోయేది. ఆ ఒక్క వాక్యం పండితుడి నోట రాదని రామకృష్ణుడికి తెలుసు. మీ ప్రతినాయకుడి నోట ఎన్నటికీ రాని వాక్యం ఏమిటో ముందు కనుక్కోండి, ఉచ్చు సంగతి తరువాత చూడవచ్చు.

ప్రశ్న (మల్కనగిరి నుంచి): క్లైమాక్సులో ఒక యాదృచ్ఛిక సంఘటన వల్ల నాయకుడు గెలవవచ్చా?

జవాబు: కూడదు. యాదృచ్ఛికం నాయకుణ్ణి బావిలోకి తోయవచ్చు గానీ, పైకి లాగకూడదు.

ప్రశ్న (బరంపురం నుంచి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు): ఈ కాలపు కథల్లో నాయకుడు కూడా మోసంతోనే గెలుస్తున్నాడు. ఇక ఇద్దరికీ తేడా ఏమిటి? నాయకుడు ధర్మంగా గెలవాలని కోరడం చాదస్తమా?

జవాబు: చాదస్తం కాదు మాస్టారూ. అయితే మన పెద్దలు మోసాన్ని కథల్లోకి రానీయలేదనడం సరికాదు, రానిచ్చారు, దానికి ధర కట్టారు. ద్రోణుణ్ణి విల్లు వదిలించడానికి ధర్మరాజు అశ్వత్థామ మరణించాడని బిగ్గరగా చెప్పి, ఏనుగన్న మాటను గొంతులోనే నొక్కేసిన క్షణంలో, అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన అతని రథం నేలకు దిగిపోయింది. గెలిచాడు, కానీ మామూలు మనిషిలా చక్రాలు నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లాడు. ఈ కాలపు కథల్లో నాకు కనబడని వస్తువు ఆ రథమే. గుణుపురం సోదరి నవలలో కూడా, కళాసీ అబద్ధం ఆడకపోయినా అతను పేర్చిన బస్తాల వల్ల చేయని దొంగతనానికి ఒక గుమాస్తా రోడ్డున పడ్డాడు. ఆ రాత్రి కళాసీ అన్నం ముందు కూర్చుని ఏం చేశాడో ఆమె రాయకుండా ముందుకు పోకూడదు.

దీనికి మరో పార్శ్వం విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసంలో ఉంది. చాణక్యుడికి దీటైన బుద్ధిమంతుడు, నందుల మంత్రి అయిన రాక్షసుడు. దొంగ ఉత్తరం, ముద్రికతో పన్నిన కుట్ర అతణ్ణి అతని పక్షాన నిలిచిన రాజు మలయకేతువు నుంచి విడదీశాయి, నిజమే. కానీ అతణ్ణి లొంగదీసుకున్నది మాత్రం స్నేహం. తన కుటుంబాన్ని దాచి కాపాడిన చందనదాసును వధ్యస్థలానికి తీసుకుపోతున్నారని విని, తన ప్రాణానికి ముప్పని ఎరిగీ వచ్చి నిలబడ్డాడు. ప్రతినాయకుణ్ణి అతని లోభం చేత, అహంకారం చేత పడగొట్టిన కథలు వందలు చదివాను. అతని మంచితనం పట్టుకుని పడగొట్టిన కథలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాయడం చాలా కష్టం కాబట్టేమో.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు): తనను ఓడించినది ఎవరో ప్రతినాయకుడికి చివర్లో తెలియాలా? ‘నిన్ను ఓడించింది నేనే’ అని నాయకుడు చెప్పే దృశ్యం లేకపోతే పాఠకులకు తృప్తి ఉంటుందా?

జవాబు: సినిమాలో అయితే ఆ దృశ్యానికి ఈలలు పడతాయి, అచ్చులో మాత్రం అది చాలాసార్లు చప్పగా ఉంటుంది. తెలిసినది పాఠకుడికి అయితే చాలు, ప్రతినాయకుడికి తెలియకపోవడంలోనే ఎక్కువ రుచి ఉంది. పై నవలనే తీసుకుంటే, గుమాస్తాను గెంటేసిన మర్నాడు షావుకారుకు చిట్టా రాసేవాడు కావాలి. అతను మనుషులను అంచనా వేయడంలో దిట్ట. గోదాము అంతా కలియజూసి, నోరు మెదపకుండా పని చేసుకుపోయేవాణ్ణి, పదో తరగతి చదివినవాణ్ణి, బస్తాలు పదేసి చొప్పున పొందికగా పేర్చినవాణ్ణి ఏరుకుని, ‘ఒరే అబ్బాయ్, చేతులు కడుక్కుని ఇలా రా’ అని పిలిచి పుస్తకం ముందుకు తోస్తాడు. కుర్రవాడు చేతులు తుడుచుకుని, కొత్త పేజీ తిప్పి, బల్ల అవతల బుట్ట దించుతున్న ముసలమ్మ వైపు చూస్తాడు. ఆమె తన లెక్క చెబుతుంది. అతను చివరి మాట దాకా విని, 33 అని రాస్తాడు.